ఆ నీటిని పారబోయకండి

(రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి, మొహమాటపడకండి. సభలో సగం మంది డాక్టర్లు, సగం మంది ఇంట్లో పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్లు అని చెప్పారు. అందుకని డాక్టర్లకు కొంచెం విసుగు, మిగతావాళ్లకు కొంచెం కష్టం. ఇద్దరూ సర్దుకోవాలి.

ఇవాళ మాట్లాడబోయేది ఎఫ్యూజన్ లింఫోమా అనే చాలా అరుదైన క్యాన్సర్ గురించి. సర్వీసు మొత్తంలో ఒక్క కేసు కూడా చూడని డాక్టర్లు ఎంతోమంది. ఎదురుగా వచ్చి కూర్చున్నా గుర్తుపట్టనివాళ్లు ఇంకొంతమంది. ఆ రెండో రకం వాళ్ల కోసమే వచ్చాను. అందులో ఒకప్పుడు నేనూ ఉన్నాను లెండి.

లింఫోమా, అంటే లింఫోసైట్లు అనే తెల్లకణాల్లో పుట్టే క్యాన్సర్, అనగానే మీకేం గుర్తొస్తుంది? మెడలో బిళ్లలు, చంకలో బిళ్లలు, గజ్జల్లో బిళ్లలు. అంతే కదా? చేత్తో తడిమితే తగులుతాయి. ముక్క కోసి బయాప్సీకి పంపుతాం. మరి తడమడానికి ఏమీ లేకపోతే? స్కాన్ తీస్తే ఎక్కడా గడ్డ లేకపోతే? ఊపిరితిత్తుల చుట్టూ నీరు, లేదా గుండె చుట్టూ నీరు, లేదా పొట్టలో నీరు, ఇంకేమీ లేకపోతే? క్యాన్సర్ కణాలు ఆ నీళ్లలోనే తేలుతూ, ఆ నీళ్లలోనే పెరుగుతూ ఉంటే? దాన్నే ఎఫ్యూజన్ లింఫోమా అంటాం. గడ్డ లేదు. నీరే గడ్డ.

డెబ్బై ఐదేళ్ల మనిషికి ఒంట్లో నీరు చేరిందంటే మన బుర్ర ముందు ఎటు పోతుంది? గుండె బలహీనపడిందేమో, కిడ్నీలేమో, లివరేమో. తప్పు లేదు, చాలామటుకు అదే. వీపు వైపు నుంచి సూది గుచ్చి నీరు తీస్తాం. లేత పసుపు రంగులో వస్తుంది. ఒక చిన్న సీసాలో కొంచెం పట్టి ల్యాబుకు పంపుతాం. మిగతా లీటరో, లీటరున్నరో సంచీలోనే ఉంటుంది. అది ఏమవుతుంది? సింకులోకి పోతుంది. ఎవరి పేరూ చెప్పను, ఏ ఆసుపత్రో చెప్పను, చాలాచోట్ల చూశాను. రోగ నిర్ధారణ అంతా ఆ సంచీలోనే ఉంది, దాన్ని తీసుకెళ్లి సింకులో పోస్తున్నాం.

దీని కథ కొంచెం చెప్పాలి. చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ అనే భార్యాభర్తలు కొత్త హెర్పిస్ వైరస్ ఒకటి కనిపెట్టారు. హెచ్‌ఐవీ రోగుల్లో వచ్చే కపోసీ సార్కోమా అనే క్యాన్సర్‌లో అది దొరికింది. దానికి హెచ్‌హెచ్‌వీ-8 అని పేరు. మరుసటి ఏడాదే, 1995లో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఇలా నీటిలో పెరిగే లింఫోమాలోనూ అదే వైరస్ ఉందని తేలింది. ప్రైమరీ ఎఫ్యూజన్ లింఫోమా, పొట్టిగా పీఈఎల్, అన్న పేరు దానికి స్థిరపడింది. ఎక్కువగా హెచ్‌ఐవీ ఉన్న మగవాళ్లలో, నడివయసులో వస్తుంది. పాత లెక్కల్లో సగటు ఆయుష్షు 6 నెలల చుట్టుపక్కల.

ఈ 6 నెలలు అన్న మాటే నా ప్రాణం తీస్తోంది. ఎందుకంటే ఫోనులో వెతికితే మొదట అదే కనిపిస్తుంది. 82 ఏళ్ల పెద్దాయన ఒకాయన ఉండేవారు. పాత గుండె జబ్బు. గుండె చుట్టూ నీరు పట్టి ఆయాసంతో వచ్చారు, పడుకోలేరు, రాత్రంతా కుర్చీలో కూర్చునే నిద్ర. నీరు తీశారు. అదృష్టం బాగుండి పాథాలజిస్టు జాగ్రత్తగా చూశారు, లింఫోమా కణాలు కనిపించాయి. రిపోర్టులో ఎఫ్యూజన్ లింఫోమా అని ఉంది. కొడుకు నా దగ్గరకు వచ్చేసరికి ఫోను చేతిలోనే ఉంది. స్క్రీను నా వైపు తిప్పి, "డాక్టరు గారూ, ఆర్నెల్లేనటగా, నాన్నకు చెప్పాలా వద్దా" అన్నాడు. నేను రిపోర్టు చూసి ఒక్కటే అడిగాను. "బాబూ, హెచ్‌హెచ్‌వీ-8 పరీక్ష చేశారా?" చెయ్యలేదు. చేయించాం. నెగెటివ్. కణం మీద ఉండే సీడీ20 అనే గుర్తు పాజిటివ్. అంటే అది ఆ జబ్బు కాదు. పేరు ఒకటే, మనిషి వేరు. ఒక ఇంటిపేరు ఉన్నవాళ్లంతా ఒకే కుటుంబం కాదు కదా, అలాగన్నమాట.

ఈ రెండో జబ్బు పెద్దవాళ్ల జబ్బు. ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లే. హెచ్‌ఐవీ ఉండదు, హెచ్‌హెచ్‌వీ-8 ఉండదు. ఉండేది ఏమిటంటే, చాలాకాలంగా ఒంట్లో నీరు నిలవడానికి ఏదో ఒక కారణం. గుండె వైఫల్యం, కిడ్నీల వైఫల్యం, లివర్ సిరోసిస్. కొందరిలో హెపటైటిస్ సి. వీటి మీద వచ్చిన రిపోర్టుల్లో పెద్ద భాగం జపాన్ నుంచి వచ్చాయి. చాలా ఏళ్లు దీనికి సరైన పేరే లేదు, పీఈఎల్ లాంటిది, పీఈఎల్ లాంటిది అనేవాళ్లం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణలో దీన్ని విడిగా చేర్చింది. ఫ్లూయిడ్ ఓవర్‌లోడ్ లార్జ్ బీ సెల్ లింఫోమా అన్న పేరు పెట్టింది. తెలుగులో చెప్పాలంటే, ఒంట్లో నీరు ఎక్కువై నిలిచినచోట పుట్టే లింఫోమా. ఎందుకు పుడుతుంది? నెలల తరబడి, ఏళ్ల తరబడి నీరు నిలిచి, ఆ లోపలి పొర సాగి సాగి, అక్కడి బీ కణాలను, అంటే ఒక రకం లింఫోసైట్లను, ఏదో అదేపనిగా రెచ్చగొడుతూ ఉంటుందని ఇప్పటికి అనుకుంటున్నాం. నీరు చేరడానికి మందులు కూడా కారణం కావచ్చు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు వాడే డాసాటినిబ్ ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుస్తుంది. అలా నీరు చేరినవాళ్లలో కొందరికి ఈ లింఫోమా వచ్చినట్టు రిపోర్టులు ఉన్నాయి.

ఇప్పుడు డాక్టర్లకు. పరీక్షల దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

మొదటి తప్పు ఏడీఏ, అంటే టీబీ అనుమానంతో నీటిలో కొలిచే ఒక ఎంజైమ్. ఊపిరితిత్తుల నీటిలో లింఫోసైట్లు ఎక్కువున్నాయి, ఏడీఏ ఎక్కువుంది. వెంటనే ఏం రాస్తాం? టీబీ. మందులు మొదలు. ఆరు నెలలు. ఏడీఏ లింఫోమా నీటిలోనూ పెరుగుతుందండీ. చాలా ఎక్కువగా పెరుగుతుంది. కాబట్టి నీరు మళ్లీ మళ్లీ చేరుతూ, ఎల్‌డీహెచ్ అనే ఇంకో ఎంజైమ్ బాగా ఎక్కువగా ఉండి, టీబీ క్రిమి ఎక్కడా కనిపించకపోతే, ఒక్కసారి ఆగి పాథాలజిస్టుకు ఫోన్ చెయ్యండి. ఫోను. కాగితం కాదు.

రెండో తప్పు, కొంచెం నీరే పంపడం. తీసిన నీటిలో ఎంత వీలైతే అంత పంపండి. కనీసం యాభై, డెబ్బై ఐదు మిల్లీలీటర్లు. కొంత తాజాగానే, కణాల మీది గుర్తులు చూసే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు వెళ్లాలి. మిగతాది సెల్ బ్లాక్‌కు. సెల్ బ్లాక్ అంటే ఏమిటో మిగతావాళ్లకు చెబుతాను. ఆ నీటిని గిర్రున తిప్పితే కణాలన్నీ అడుగున మడ్డిలా దిగుతాయి. ఆ మడ్డిని బయాప్సీ ముక్క లాగే మైనంలో గట్టిపరిచి, పల్చగా కోసి, రంగులు వేస్తారు. నీటిలోంచి బయాప్సీ తయారుచెయ్యడం అన్నమాట. ఆ మడ్డి మీదే అసలు పరీక్ష. లానా అనే రంగు వేస్తే హెచ్‌హెచ్‌వీ-8 ఉన్న కణంలో, కేంద్రకం లోపల చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. చుక్కలు ఉంటే మొదటి జబ్బు. చుక్కలు లేకుండా సీడీ20 ఉంటే చాలామటుకు రెండోది. మొదటి జబ్బులో మామూలుగా సీడీ20 ఉండదు, సీడీ138, సీడీ30 లాంటివి ఉంటాయి. దీంతోపాటు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఎకో, పెట్ స్కాన్. గడ్డ ఎక్కడైనా దాగి ఉందేమో చూడాలి. ఎందుకంటే మామూలు లింఫోమా ముదిరి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేర్చడం దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అది వేరే సంగతి, వైద్యం వేరు.

ఇలాంటివే అనిపించే లింఫోమాలు ఇంకో రెండు ఉన్నాయి, పక్కనపెట్టేస్తాను. టీబీకి మందులు లేని రోజుల్లో ఊపిరితిత్తిని ముడిచిపెట్టడానికి ఛాతీలోకి గాలి ఎక్కించేవాళ్లు. దశాబ్దాల తర్వాత, అక్కడ చీము నిలిచినవాళ్లలో కొందరికి లింఫోమా వచ్చింది, ఎక్కువగా జపాన్‌లో. అది ఈబీవీ వైరస్‌తో వచ్చేది, గడ్డ కట్టేది. రొమ్ములో పెట్టే ఇంప్లాంట్ చుట్టూ నీరు చేరి వచ్చేది ఇంకొకటి, అది టీ కణాల లింఫోమా, తొలిదశలో ఇంప్లాంట్‌ను దాని చుట్టూ ఉన్న పొరతో సహా తీసేస్తే ఎక్కువమందికి నయమవుతుంది. సరే.

మరి ఆ పెద్దాయనకు ఏం చేశాం? ఏమీ చెయ్యలేదు. నిజంగా. నీరు పూర్తిగా తీశాం, నీరు పోయే మాత్రలు సరిచేశాం, ఉప్పు తగ్గించాం, నెలకోసారి ఎకో తీశాం. నీరు మళ్లీ చేరలేదు. ఈ మాట చెబితే క్యాన్సర్ డాక్టర్లే నమ్మరు. లార్జ్ బీ సెల్ లింఫోమా అనేది వైద్యం చెయ్యకపోతే నెలల్లో మనిషిని పడగొట్టే జబ్బు. కానీ ఈ రకంలో నీరు తీసేయడంతోనే లింఫోమా కనపడకుండా పోయినవాళ్లు ఉన్నారు, ఏళ్ల తరబడి తిరిగి రానివాళ్లు ఉన్నారు. అందరికీ అలా అవుతుందా? అవ్వదు. ఎవరికి అవుతుందో ముందే చెప్పగలమా? లేము. కానీ నీరు ఒకేచోట ఉండి, గడ్డలు లేక, తీశాక చేరకపోతే, ఎనభై దాటిన మనిషికి కొన్ని వారాలు ఆగి చూసే హక్కు ఇవ్వాలి. ఆగడం అంటే వదిలేయడం కాదమ్మా. రెండు వారాలకోసారి అల్ట్రాసౌండ్, ఎల్‌డీహెచ్. చేరినట్టు కనిపిస్తే అదే రోజు ఫోను.

ఆయన ఇంకో మూడేళ్లు బతికారు. గుండె జబ్బుతోనే పోయారు, లింఫోమాతో కాదు. ఈ రోగుల్లో ఇది తరచుగా చూస్తాం. అందుకే ఎన్నాళ్లు అని అడిగితే నేను తిరిగి అడుగుతాను, గుండె ఎలా ఉంది, కిడ్నీలు ఎలా ఉన్నాయి, లివర్ ఎలా ఉంది. ఆయుష్షు లెక్క అక్కడ ఉంది. లింఫోమాకు మనం వాడే ఐపీఐ అనే స్కోరు ఇక్కడ పెద్దగా పనికిరాదు. వయసు 60 దాటితే ఒక పాయింటు, ఎల్‌డీహెచ్ ఎక్కువైతే ఒక పాయింటు, స్టేజీకి ఒక పాయింటు. ఈ రోగులందరికీ ఈ మూడూ ముందే రాసిపెట్టి ఉంటాయి. మరి స్కోరు ఇంకేం చెబుతుంది?

మందులు ఎప్పుడు? నీరు తిరిగి చేరితే, ఒకటికంటే ఎక్కువ చోట్ల ఉంటే, కణాలు జోరుగా పెరుగుతుంటే. అప్పుడు ఆర్-చాప్ అనే కీమో. నాలుగు ఇంజెక్షన్లు, ఒక మాత్ర, 21 రోజులకోసారి. మొదటి ఆర్ అంటే రిటుక్సిమాబ్, సీడీ20కి అతుక్కునే మందు. కానీ ఎనభై దాటినవాళ్లకు పూర్తి మోతాదు ఇవ్వకూడదు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదట్లో ఒకావిడకు, 79 ఏళ్లు, నడుచుకుంటూ వచ్చింది, మంచి ఉత్సాహంగా ఉందని పూర్తి మోతాదు ఇచ్చాను. పదో రోజుకు తెల్లకణాలు పడిపోయాయి, జ్వరం, రెండు వారాలు మంచం. తర్వాత మళ్లీ నడిచింది కానీ గోడ పట్టుకుని. వాళ్ల కోడలు నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

2011లో ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు ఒక అధ్యయనం ప్రచురించారు. ఎనభై దాటినవాళ్లకు, మామూలు లార్జ్ బీ సెల్ లింఫోమాలో, ఆర్-మినీ-చాప్ ఇచ్చారు. రిటుక్సిమాబ్ మోతాదు అలాగే ఉంచారు, ఆర్-చాప్‌లోని ఇంకో మందు డాక్సోరూబిసిన్ సగానికి తగ్గించారు, మిగతావీ తగ్గించారు. 149 మంది. రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 59 శాతం. ఎనభై దాటినవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, రెండేళ్లు, వందలో 59 మంది! ఎఫ్యూజన్ లింఫోమాకు విడిగా ఇలాంటి పెద్ద ట్రయల్ లేదు, ఇంత అరుదైన జబ్బుకు ఉండదు కూడా. ఆ లెక్కనే అరువు తెచ్చుకుంటాం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చూశారా? డాక్సోరూబిసిన్ గుండెను దెబ్బతీసే మందు. ఈ లింఫోమా వచ్చేదే గుండె పాడైనవాళ్లకు. అందుకని ఎకోలో పంపింగ్ బాగా తక్కువుంటే ఆ మందు పక్కన పెట్టి, దాని బదులు ఎటోపొసైడ్ ఇస్తాం, లేదా అసలు రిటుక్సిమాబ్ ఒక్కటే ఇస్తాం. ఒక్కటే ఇచ్చినా నీరు తగ్గినవాళ్లు ఉన్నారు.

కీమో మొదలుపెట్టే ముందు వారం రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వండి. మొదటి విడతలోనే పోయేవాళ్లు తగ్గుతారు. మంచం మీద ఉన్న మనిషి లేచి కూర్చుంటాడు, అప్పుడు అసలు సత్తువ ఎంతో తెలుస్తుంది. షుగర్ మాత్రం పెరుగుతుంది, చూసుకోవాలి. హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ తప్పకుండా చూడండి. పైకి కనిపించని పాత వైరస్ రిటుక్సిమాబ్ ఇవ్వగానే లేస్తుంది, లివర్ పోతుంది. పాజిటివ్ అయితే ఆ వైరస్‌ను అణిచే ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ, కీమో అయ్యాక కూడా కనీసం ఏడాది. ఆర్-చాప్‌లోనే ఉండే విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం, కాళ్ల తిమ్మిరి. కాళ్ల తిమ్మిరి ఉన్న ముసలివాళ్లకు రాత్రి బాత్‌రూమ్‌కు వెళ్లడమే గండం. పడితే తుంటి ఎముక. లింఫోమాను గెలిచి తుంటి ఎముక దగ్గర ఓడిపోయినవాళ్లను చూశాను.

మెథోట్రెక్సేట్ అనే కీమో మందు గురించి ఒక్క మాట. ఒంట్లో నీరున్న మనిషికి పెద్ద మోతాదులో అది ఇవ్వకండి. మందు ఆ నీళ్లలోకి దిగి ట్యాంకులో నీళ్లలా నిలిచిపోతుంది. తర్వాత రోజుల తరబడి మెల్లగా రక్తంలోకి కారుతూ ఉంటుంది. నోరంతా పుండ్లు, తెల్లకణాలు సున్నా, కిడ్నీలు మూత. ఎంబీబీఎస్‌లో చదివిందే, వార్డులో మర్చిపోతాం.

పెద్దవాళ్లకు ఎంత వైద్యం తట్టుకునే శక్తి ఉందో ఎలా తెలుసుకోవాలి? ఆధార్ కార్డులో పుట్టినతేదీ చూసి కాదు. నేను కుర్చీలోంచి లేవమంటాను. చేతులు ఆనించకుండా లేస్తారా? మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి, వచ్చి కూర్చోవాలి. గడియారం చూస్తాను. 12 సెకన్లు దాటితే జాగ్రత్తపడతాను. తర్వాత అడుగుతాను, మాత్రలు ఎవరు వేస్తారు, డబ్బు లెక్క ఎవరు చూస్తారు, స్నానం సొంతంగా చేస్తారా, ఈ మూడు నెలల్లో బరువు తగ్గారా. జీ8 అని చిన్న ప్రశ్నాపత్రం ఉంది, 17 మార్కులకు. 14 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే పూర్తి పరీక్ష చెయ్యాలి. పది నిమిషాల పని. కీమో చీటీ రాయడానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది!

ఇక మొదటి జబ్బు, హెచ్‌హెచ్‌వీ-8 ఉన్నది. అది ముసలితనంలో హెచ్‌ఐవీ లేకుండా కూడా వస్తుంది, మధ్యధరా ప్రాంతంలాంటి, ఈ వైరస్ ఎక్కువగా ఉన్నచోట్ల. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లలోనూ వస్తుంది. ఇక్కడ అబద్ధం చెప్పను, ఇది మొండిది. సీడీ20 లేదు కాబట్టి రిటుక్సిమాబ్‌కు పట్టు దొరకదు. హెచ్‌ఐవీ ఉంటే దాన్ని అణిచే ఏఆర్‌టీ మందులు తప్పనిసరి, వాటితోపాటు చాప్ లాంటి కీమో, లేదా ఈపాక్ అనే ఇంకా గట్టి కీమో. ఈ పద్ధతులతో, మంచి కేంద్రాల్లో, పాత 6 నెలల లెక్క మారింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2019లో ప్రచురించిన 20 మంది రోగుల లెక్కలో సగటు ఆయుష్షు 22 నెలలు. రెండేళ్లు దాటినవాళ్లలో చాలామంది ఆ తర్వాత నిలబడ్డారు. కానీ వాళ్లంతా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు. ఎనభై ఏళ్ల మనిషికి ఈపాక్ ఇవ్వలేం. లెనలిడొమైడ్, బోర్టెజోమిబ్ లాంటి మందులు కొందరిలో వాడతాం. కొందరికి నీరు తీసి, ఛాతీ పొరలు అతుక్కునేలా బ్లియోమైసిన్ అనే మందు ఎక్కించి, కొన్ని నెలలు ఆయాసం లేకుండా గడిపేలా చేస్తాం.

అలా చెయ్యడం వైద్యమేనా అని అడుగుతారు. వైద్యమే. నీరు మళ్లీ మళ్లీ చేరే మనిషిని వారానికోసారి ఆసుపత్రికి తిప్పడం కన్నా ఛాతీలో సన్నటి గొట్టం పెట్టి పంపొచ్చు. ఇంట్లోవాళ్లే రెండు రోజులకోసారి సీసా తగిలించి నీరు తీస్తారు. ఒక మనవరాలు, ఇంటర్ చదువుతోంది, తాతయ్యకు తనే తీసేది. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసేది. నేను ఆ క్యాలెండర్ చూసే మందులు మార్చేవాడిని. ఒక్క జాగ్రత్త, ఒకేసారి లీటరున్నర మించి తీయకండి. ముడుచుకున్న ఊపిరితిత్తి గబుక్కున విప్పుకుంటే అందులోకే నీరు దిగుతుంది. దగ్గు మొదలైతే, ఛాతీ పట్టేసినట్టుంటే, అక్కడే ఆపెయ్యండి.

ఇంట్లో ఉన్నవాళ్లు చెయ్యాల్సింది ఇంకోటుంది, డాక్టరు చెయ్యలేనిది. రోజూ పొద్దున్నే, బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే తూకం మీద బరువు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి కాదు, నీరు. రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారో చూడండి. ఒక దిండు రెండయితే, రెండు మూడయితే, నాకు ఫోన్ చెయ్యండి. పెద్దవాళ్లు ఆయాసం అని చెప్పరు, దిండ్లు పెంచుకుంటారు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలు తీసుకుందాం. ముందు వరుసలో ఆ పెద్దాయన చెయ్యి ఎత్తి చాలాసేపయింది, ఆయనకు మైకు ఇవ్వండి. లేవొద్దండీ, కూర్చునే అడగండి.